ఇంటికి వెళ్లేవాళ్ల వైపు

మా పనిలో మనిషి మాకిచ్చే సమయం మూడు సెకన్లు. బస్సులోనో బండి మీదో పోతూ ఎవరైనా మా బోర్డు వైపు తల తిప్పేది అంతసేపే. ఆ కాస్తలో చదివితే చదివినట్టు, లేకపోతే ఆకాశంలోకి లేపిన ఇనుప స్తంభాలు, రేకులు, దీపాలు అన్నీ దండగ. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. కస్టమర్లు వింటేగా! ఫోన్ నంబరు వెయ్యమంటారు, అడ్రసు వెయ్యమంటారు, యజమాని ఫొటో వెయ్యమంటారు, అది వేశాక ఆయన బావమరిది ఫొటో కూడా వెయ్యమంటారు. "ఇది శుభలేఖ కాదండీ, బోర్డు" అని నేను మొహం మీదే అనేస్తాను. అందుకే కస్టమర్లతో మాట్లాడే పని అన్నయ్యది, గీసే పని నాది.

ఆఫీసు నాన్న పెట్టింది. ఆయన పోయాక మా ఇద్దరికీ చెరిసగం వచ్చింది. టైర్ల కొట్టు పైన రెండు గదులు. ముందు గదిలో అన్నయ్య కుర్చీ, వెనక గదిలో నా బల్ల. అన్నయ్యను ఈ లైనులో అందరూ లౌడ్‌స్పీకర్ అంటారు, ఫోన్ లేకపోయినా అవతలివాళ్లకు వినిపిస్తాడని. నన్ను 'ఒకటీ రెండూ మూడూ మేడం' అంటారని తెలుసు. నా ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ పేరు రావడానికి కారణం నాన్న నేర్పిన పరీక్ష. ఏ బోర్డైనా పైకి ఎక్కే ముందు దాన్ని పోస్టుకార్డంత అట్ట మీద గీస్తాను. చదివే మనిషి తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంటుంది. నేను పది అడుగుల దూరంలో నిలబడి అట్ట ఎత్తి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి దించేస్తాను. వంతెన మీంచి పోయేవాడికి పెద్ద బోర్డు ఎంత కనిపిస్తుందో, అక్కణ్నుంచి ఆ అట్ట సరిగ్గా అంతే కనిపిస్తుంది. లెక్కపెట్టినంతసేపూ చూపించేవాళ్లు కళ్లు మూసుకోవాలి. తెరిచి ఉంటే మన చూపు, మన పెదాలు చదివేవాళ్లకు తెలియకుండానే సాయం చేసేస్తాయి. రోడ్డు మీద బోర్డు పక్కన నిలబడి ఎవరికీ సాయం చెయ్యలేం కదా, అనేవాడు నాన్న.

చదివే మనిషి మా వదిన. ఇంట్లో కుట్టుపని చేసుకుంటుంది, మధ్యాహ్నం మా ఇద్దరికీ క్యారేజీ తెస్తుంది. అన్నం తినే ముందు పరీక్ష, పన్నెండేళ్లుగా అదే వరస. "నాకు మీ బోర్డుల గోల తెలీదు అమ్మాయ్. కనిపిస్తే చదువుతా, లేకపోతే లేదంటా" అనేది. అన్నట్టుగానే చేసేది. ఒకసారి అన్నయ్య నెల రోజులు మోజుపడి చేయించిన డిజైన్ చూసి, "తెల్లగా ఏదో పోయింది, పిల్లి కాబోలు" అంది. అన్నయ్య మొహం చూడాలి అప్పుడు. ఆ బోర్డు మళ్లీ మొదట్నుంచి గీశాను. తక్కెడకి మొహమాటం ఉంటుందంటే నమ్ముతాను గానీ, మా వదినకు ఉంటుందంటే నమ్మేదాన్ని కాదు.

ఎనిమిది నెలల కిందట ఒక పరుపుల కంపెనీ వచ్చింది. వాళ్లకోసం నేను గీసింది నా జన్మలో మంచి బోర్డు. తెల్లటి బోర్డు, దాదాపు అంతా ఖాళీ. అడుగున, నేల మీద వాలినట్టు, మూడు నల్లటి మాటలు: ఇవాళ్టికి చాలు. పడుకోండి. పరుపు బొమ్మ లేదు, నవ్వే ఆడపిల్ల లేదు. కంపెనీ పేరు ఒక మూల. గుండ్రటి అక్షరాల కడుపులు దూరానికి మూసుకుపోకుండా ఒక్కొక్కటీ విప్పి గీయడానికి పందొమ్మిది రోజులు పట్టింది. అట్ట వెనక పెన్సిలుతో రాశాను: 'ఇంటికి వెళ్లేవాళ్ల వైపు మాత్రమే పెట్టాలి.' బోర్డుకు రెండు ముఖాలుంటాయి, ఒకటి ఊళ్లోకి వచ్చేవాళ్లకు, ఒకటి బయటికి వెళ్లేవాళ్లకు. పొద్దున్నే పనికి వచ్చేవాడికి పడుకోమని చెబితే ఏం లాభం? సాయంత్రం ఒళ్లు హూనమై ఇంటికి పోయేవాడికి చెప్పాలి.

ఆ రోజు పరీక్షలో నేను 'రెండు' అనకముందే వదిన మొత్తం చదివేసింది. చదివి, నిజంగానే ఆవులించింది. ముగ్గురం పడీ పడీ నవ్వాం.

వారం తర్వాత అన్నయ్య వెనక గదిలోకి వచ్చి నా బల్ల అంచున కూర్చున్నాడు. "వాళ్లకు నచ్చలేదే చెల్లీ. మరీ ఖాళీగా ఉందట" అన్నాడు, మెల్లగా. లౌడ్‌స్పీకర్ మెల్లగా మాట్లాడితే అనుమానించాలన్న ఇంగితం నాకుండాల్సింది. నా బాధ చూసి గొంతు తగ్గించాడనుకున్నాను. ఆ వారమే నాకు రైలు పాసు తెచ్చిచ్చాడు. "సాయంత్రాలు ఆ బస్సులో నడుం విరగ్గొట్టుకోకు. పొద్దున ఎలాగూ ఖాళీగా ఉంటుంది, బస్సులో రా. వెళ్లేటప్పుడు రైల్లో హాయిగా కూర్చుని వెళ్లు" అన్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మా అన్నయ్య ఎంత మంచివాడో అని కింద టైర్ల కొట్టాయనకు కూడా చెప్పుకున్నాను.

ఆ తర్వాత నా పని పాడైపోయింది. వేరే పనికోసం కొత్త అట్ట గీశాను. వదిన తల అడ్డంగా ఊపింది: "అందలేదు అమ్మాయ్." మాటలు తగ్గించాను, అక్షరాలు లావు చేశాను, మళ్లీ అందలేదు. ఇంకోటి, ఇంకోటి. పదకొండు అట్టలు గీశాను, పదకొండూ అందలేదు. మధ్యలో వచ్చిన పనులు అన్నయ్య బయట ఎవరిచేతో గీయించాడు. ఎర్ర రంగు మీద పసుపు మాటలు కుక్కిన ఆ బోర్డుల్ని పొద్దున బస్సులోంచి చూస్తూ, ఇవే నాకంటే నయం కాబోలు అనుకునేదాన్ని. కళ్ల డాక్టరు దగ్గరికి వెళితే, "మీ కళ్లకేం, నిక్షేపంగా ఉన్నాయి" అన్నాడు. ఆ మాట అన్నయ్యతో చెబితే, "కళ్లు వేరు, చూపు వేరు చెల్లీ. నాన్నకూ చివర్లో ఇలాగే అయింది కదా" అని నిట్టూర్చాడు.

అక్కణ్నుంచి కాగితం దాకా రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. నేను ఆఫీసులో నా సగం అన్నయ్య పేరిట రాసేసి, గీయడం మానేసి, ఫైళ్లు చూసుకుంటూ ఉండాలి. జీతం జీతమే, గది గదే. "నీకు టెన్షన్ ఉండదు" అన్నాడు. గురువారం కాగితాలు నా చేతికిచ్చాడు. సోమవారం సంతకం. నేను చదవను కూడా చదవలేదు. చిన్న అక్షరాలంటే నాకు ఒళ్లు మంట, అన్నయ్యకు ఆ సంగతి తెలుసు.

శుక్రవారం సాయంత్రం రైళ్లు ఆగిపోయాయి. ఎక్కడో సిగ్నల్ తీగ తెగిందట. స్టేషన్ బయట జనం బస్సుల మీద పడుతున్నారు. నేనూ తోసుకుని ఎక్కాను, అదృష్టం కొద్దీ కిటికీ సీటు దొరికింది. ఎనిమిది నెలల తర్వాత ఆ దారిన ఇంటికి వెళ్తున్నాను. ఇంకా వెలుతురుంది. బస్సు వంతెన ఎక్కి మలుపు తిరిగింది.

ఇవాళ్టికి చాలు. పడుకోండి.

చెబితే సిగ్గుచేటు గానీ, ముందు నాకు కోపం రాలేదు. సంతోషం వేసింది. అంత పెద్దగా, అంత తెల్లగా, నేను వదిలిన ఖాళీ అంతా వదిలినట్టే ఉంది. అక్షరాల కడుపులు ఒక్కటి కూడా మూసుకుపోలేదు. నా పక్కన కూరల సంచి పెట్టుకుని కూర్చున్నావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవులించింది. నేను తేరిపార చూస్తుంటే నవ్వింది.

"ఈ బోర్డు కనిపిస్తే చాలండీ, రోజూ నాకిదే వరస. మా ఆయన కూడా అంతే, స్టీరింగ్ ముందు కూర్చుని మరీ ఆవులిస్తాడు."

"ఎన్నాళ్ల నుంచి ఉందండీ?"

"చాన్నాళ్లయింది. ఎండలు మొదలవకముందు నుంచే ఉంది."

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను. నడుస్తున్నంతసేపూ అన్నయ్య తరఫున నేనే వాదించుకున్నాను. కంపెనీవాళ్లు మనసు మార్చుకుని ఉంటారు, అన్నయ్యకు తెలిసి ఉండదు, తెలిసినా నన్ను ఆశ్చర్యపరుద్దామని దాచి ఉంటాడు. ఎనిమిది నెలలా? అయినా సరే, అనుకున్నాను.

ప్రతి బోర్డుకూ అడుగున ఒక పట్టీ ఉంటుంది. పెట్టినవాళ్ల పేరు, గీసినవాళ్ల పేరు, అనుమతి నంబరు, తేదీ అందులో రాయాలని రూలు. బెత్తెడు అక్షరాలు. బస్సులో పోయేవాడికి అది గీతలా కూడా కనిపించదు. "ఆ పట్టీ దేవుడు కూడా చదవడు" అనేవాడు అన్నయ్య. ఫుట్‌పాత్ మీద నిలబడి మెడ వెనక్కి వంచి నేను చదివాను. గీసినవాళ్లు అన్నచోట అన్నయ్య పేరు. తేదీ, ఆయన నా బల్ల అంచున కూర్చుని మెల్లగా మాట్లాడిన వారం తర్వాతది. పెట్టినవాళ్లు అన్నచోట నేనెప్పుడూ వినని కొత్త కంపెనీ. దాని పక్కనే యజమానిగా మా వదిన పేరు.

రైలు పాసు పర్సులో ఉంది. అది దేనికిచ్చాడో అక్కడ నిలబడ్డాక అర్థమైంది. ఈ ఊళ్లో సాయంత్రం ఇంటికి వెళ్లే ప్రతి ఒక్కరూ చదవాల్సిన బోర్డు, నేనొక్కదాన్ని తప్ప. ఏ వైపు పెట్టాలో కూడా నా చేత్తో నేనే రాసిచ్చాను. ఛీ అనిపించింది, వాడి మీద కాదు, నా మీద.

శనివారం కూర్చుని ఆ కాగితాలు ప్రతి అక్షరం చదివాను. మూడో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: నాన్న గీసిన అక్షరాల మూలప్రతులు, నేను ఇంతవరకు గీసిన డిజైన్లు, 'వాడినవైనా వాడనివైనా', అన్నీ అన్నయ్యవే. వాడనివి అంటే నా సొరుగులోని పదకొండు అట్టలు. చదవడానికే పనికిరానివి వాడికెందుకు?

ఆ ప్రశ్న దగ్గర నా ఆలోచన వదిన మీదికి మళ్లింది. అన్నయ్య మోసం చేశాడు, సరే. ఆ ముక్క మింగుడుపడకపోయినా అర్థమవుతుంది. కానీ వదిన? భర్త ఏదో కాగితం పెడితే సంతకం చేసి ఉంటుంది, అంతే, అనుకున్నాను. ఆమె 'అందలేదు' అన్నది నిజమైతే నా చూపు నిజంగానే పోయింది, సంతకం చెయ్యాల్సిందే. అది అబద్ధమైతే నాకంటూ ఎవరూ మిగలరు. ఏది కోరుకోవాలో తెలియక ఆదివారమంతా కొట్టుమిట్టాడాను. సాయంత్రానికి ఒక కొత్త అట్ట కోశాను.

సోమవారం మధ్యాహ్నం వదిన క్యారేజీ పట్టుకుని వచ్చింది. భుజం మీద దారం ముక్క అంటుకుని ఉంది, ఎప్పట్లాగే. అన్నయ్య నా బల్ల మీద కాగితాలు పరిచి, పెన్ను మూత తీసి పెట్టాడు.

"ఇక్కడ, ఇక్కడ, చివరి పేజీలో ఇక్కడ. కింద ఉన్నవన్నీ మామూలు మాటలే."

"చేస్తాను గానీ అన్నయ్యా, ఒక్క అట్ట ఉంది. ఆఖరిది. వదినకు అందకపోతే ఇంక నోరెత్తను, సంతకం చేసేస్తా."

"పట్టు వదలవు కదా నువ్వు!" అని నవ్వాడు. "కానియ్ కానియ్." అని వదిన వైపు తిరిగాడు. "త్వరగా కూర్చోవే, చెల్లికి ఆకలేస్తోంది."

వదిన తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది, ఒళ్లో క్యారేజీ. నేను పది అడుగుల దూరంలో నిలబడి అట్ట ఎత్తాను. ఒకటి అన్నాను. పన్నెండేళ్లలో మొదటిసారి నేను కళ్లు మూసుకోలేదు.

వదిన నా వైపు చూడలేదు. ఆమె కళ్లు క్యారేజీ మూత మీద ఉన్నాయి. వేళ్లు దాని క్లిప్పు తీస్తూ పెడుతూ ఉన్నాయి. రెండు అన్నాను. తలెత్తలేదు. మూడు అన్నాను. అప్పుడు తలెత్తి, నా మొహం చూడకుండా, గోడను చూస్తూ చెప్పింది.

"ఊహూ. అందలేదు అమ్మాయ్. మాటలెక్కువయ్యాయి. మూడో మాట దగ్గరే ఆగిపోయాను."

ఎనిమిది నెలలుగా ఆమె అంటున్నది ఇదే మాట. అచ్చం ఇదే. కళ్లు తెరిచి వింటే గానీ నాకు ఆ సంగతి తెలియలేదు.

"మూడో మాట ఏంటి వదినా?"

"అదే... సరిగ్గా కనపడలేదు."

వెళ్లి అట్ట ఆమె ఒళ్లో క్యారేజీ మీద పెట్టాను. ఆమె దాన్ని చూసింది, తిప్పి వెనక చూసింది, మళ్లీ ముందు చూసింది. రెండు వైపులా తెల్లగానే ఉంది. నేను దాని మీద ఒక్క చుక్క కూడా పెట్టలేదు.

కింద టైరు బిగిస్తున్న సుత్తి చప్పుడు వినిపించింది. లౌడ్‌స్పీకర్ కాగితాలు సర్దాడు.

ముందు నోరు విప్పింది వదినే. "ఒక్కసారే అన్నారు మీ అన్నయ్య" అంది. "ఒక్కసారి అందలేదని చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటా అన్నారు. చెప్పాను. మర్నాడు నువ్వు ఇంకోటి తెచ్చావు. నాకు చూడాలంటే భయమేసింది అమ్మాయ్. చూస్తే చదివేస్తా కదా. చదివేశాక లేదని చెప్పడం నా వల్ల కాదు. అందుకని... చూడ్డం మానేశాను."

"ఒక్కటి కూడా చూడలేదా?"

"మొదటిదొక్కటే. దాన్ని పూర్తిగా చదివాను. మిగతావి చూడలేదు."

చూసి అబద్ధం చెప్పి ఉంటే తట్టుకునేదాన్నేమో. రాత్రనక పగలనక అక్షరాలు విప్పి విప్పి గీసి, పది అడుగుల దూరంలో గుడ్డిదానిలా కళ్లు మూసుకుని నిలబడి, ఎవరూ చూడని దాన్ని నేను ఎత్తి పట్టుకుని లెక్కపెడుతూ వచ్చాను. అవతల మనిషి క్యారేజీ మూత చూస్తూ కూర్చుంది.

"నీ మొహం అలా పెట్టకే" అన్నాడు అన్నయ్య, ఇప్పుడు గొంతు పూర్తిగా లేపి. "కస్టమర్లు నీ నోటికి భయపడి చస్తున్నారు. వాళ్లకు నీ బోర్డులు కావాలి, నువ్వు అక్కర్లేదు. మధ్యలో నేనేం చెయ్యను? నీకెలా చెప్పను?"

"ఈ గొంతుతోనే చెప్పాల్సింది అన్నయ్యా. వీధి చివరికి కూడా వినిపిస్తుంది కదా."

పెన్ను మూత తీసుకుని పెన్నుకు పెట్టేశాను. పర్సులోంచి రైలు పాసు తీసి కాగితాల మీద పెట్టాను. సొరుగులోంచి పదకొండు అట్టలూ తీసుకున్నాను. గుమ్మం దగ్గర వదిన నా చెయ్యి పట్టుకోబోయింది. పన్నెండేళ్లు ఆ చేత్తో కలిపిపెట్టిన అన్నం తిన్నదాన్ని. చెయ్యి వెనక్కి తీసుకుని మెట్లు దిగాను.

టైర్ల కొట్టాయన బయట స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఇన్నేళ్లుగా మా ఆఫీసు కిందే ఉంటున్నా ఆయన్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు. పది అడుగుల దూరంలో నిలబడ్డాను.

"ఒక్క పని చేసిపెడతారా? నేను ఇది ఎత్తుతాను. మీకు కనిపించింది చదవండి. కనిపించకపోతే లేదని చెప్పండి, మొహమాటం వద్దు."

"ఓ, దానికేం" అని గ్లాసు పక్కన పెట్టాడు.

పైనున్న అట్ట కళ్లజోళ్ల కొట్టువాళ్లకోసం గీసింది. ఎత్తాను. కళ్లు తెరిచే ఉంచుదామనుకున్నాను గానీ, అలవాటు కొద్దీ వాటంతటవే మూసుకుపోయాయి. ఒకటి, అన్నాను.

"ఇది కనిపిస్తే రాకండి" అని చదివి, పెద్దగా నవ్వాడాయన. "అయితే నేను వాళ్ల కొట్టుకు వెళ్లక్కర్లేదన్నమాట!"

రెండో అట్ట ఎత్తాను. చదివాడు. మూడోది చదివాడు. ఏడో దాని దగ్గరికి వచ్చేసరికి లెక్కపెట్టడం మానేసి ఊరికే ఎత్తి దించుతున్నాను. పదకొండూ చదివాడు.

"ఏంటమ్మా ఇది, పందెమా? ఇంత పెద్దగా ఉంటే ఎవరు చదవలేరు?"

పక్కనే ఉన్న టైర్ల మీద కూలబడి, అట్టలు ఒళ్లో పెట్టుకుని, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చూస్తుండగా బావురుమని ఏడ్చాను.